అరుణాచలం లాడ్జీలో మాట పడ్డాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఒక మండల కేంద్రం. పోయిన పౌర్ణమికి నేను, నా భార్య, పదేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ కలిసి అరుణాచలం వెళ్లాం. మూడు వారాల ముందే యాప్‌లో రెండు గదులు బుక్ చేసి 4,800 రూపాయలు మొత్తం కట్టేశాను. రాత్రి తొమ్మిదిన్నరకు లాడ్జీకి చేరితే కౌంటర్లో ఉన్న మేనేజరు "పౌర్ణమికి యాప్ రేటు చెల్లదు, గదికి ఇంకో పదిహేను వందలు కట్టండి, లేదంటే వెళ్లండి" అన్నాడు. చుట్టుపక్కల ఎక్కడా గదుల్లేవు. తన ఫోన్లోనే క్యూఆర్ చూపిస్తే 3,000 పంపాను. డిపాజిట్ అంటూ ఇంకో వెయ్యి నగదుగా తీసుకున్నాడు. పొద్దున అమ్మ స్నానానికి వేడినీళ్లు రావడం లేదని చెబితే "దేవుడి కోసం వచ్చారా, సుఖపడటానికి వచ్చారా" అన్నాడు. నేను కాస్త గట్టిగా అడిగేసరికి మా ఆధార్ కార్డులు బల్ల మీద విసిరేసి "ఇష్టముంటే ఉండు, లేకపోతే పో" అన్నాడు, అదీ అమ్మ ముందు. ఖాళీ చేసేటప్పుడు దుప్పటికి కుంకుమ మరక అయిందని ఆ వెయ్యీ ఇవ్వలేదు. అమ్మ "పోనీలేరా, స్వామి దగ్గరికొచ్చాం" అంది. నా భార్య మాత్రం "ఒక్క మాట అనలేకపోయావు" అని ఇప్పటికీ దెప్పుతోంది. వాళ్ల మీద ఒక రివ్యూ రాసి పెట్టుకున్నాను, మీకూ పంపుతున్నాను. పెట్టమంటారా? వేరే రాష్ట్రంలో ఉన్న లాడ్జీ మీద ఇక్కణ్నుంచి కేసు వేయడం కుదురుతుందా? లేక వదిలేయమంటారా?

— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: రివ్యూ చదివానండీ. రాసింది రాసినట్టు మాత్రం పెట్టకండి. కేసు వేయొచ్చు, ఖమ్మంలోనే వేయొచ్చు, కానీ అంతదాకా వెళ్లే అవసరం రాకపోవచ్చు. వదిలేయమని మాత్రం చెప్పను. వీటి సంగతి కాసేపాగి చెబుతాను. ముందు మీ ఇంట్లో నడుస్తున్న గొడవ గురించి.

నేను ఈ శీర్షిక రాయడం మొదలుపెట్టక ముందు పదకొండేళ్లు విజయవాడ రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జీ రిసెప్షన్లో పనిచేశాను. మీరు ఆ బల్లకు అవతల నిలబడ్డారు, నేను ఇవతల నిలబడ్డవాణ్ని. ఆ మేనేజరుకు మీరెవరో తెలియదు, మీ మీద ప్రత్యేకంగా కోపమూ లేదు. మీరు గుమ్మం దాటి లోపలికి రాగానే అతను గడియారం చూసి ఉంటాడు, ఆ తర్వాత మీ చేతుల్లో బ్యాగులు, వాటి వెనక అమ్మగారు, నిద్రకు తూగుతున్న బాబు. అంతే, లెక్క అయిపోయింది. వీళ్లు ఇంకెక్కడికీ వెళ్లలేరు అని అర్థమైపోయింది. అదే మధ్యాహ్నం మూడింటికి ఓ కుర్రాడు ఒక్కడే భుజాన బ్యాగు వేసుకుని వచ్చి ఉంటే అదే నోరు "రండి సార్, కూర్చోండి" అనేది. ఆ కుర్రాడు నచ్చకపోతే పక్క లాడ్జీకి నడిచి వెళ్లిపోతాడు కాబట్టి.

మీరు ఆ రాత్రి గొంతు పెంచి ఉంటే ఏమయ్యేది? గది పోయేది. గిరివలానికి, అంటే కొండ చుట్టూ ప్రదక్షిణకు వచ్చిన జనం రోడ్ల మీద నిండిపోయి ఉన్న పౌర్ణమి రాత్రి, అరవై ఎనిమిదేళ్ల మనిషిని వెంటేసుకుని ఏ బస్టాండులోనో కూర్చునేవాళ్లు. మీరు నోరు మూసుకుంటే అమ్మగారు మంచం మీద పడుకున్నారు. దాన్ని పిరికితనం అనను. మీ ఆవిడకు ఈ మాట నా మాటగా చెప్పండి, కాకపోతే వాదనలా చెప్పకండి. ఆమె కూడా ఆ బల్ల ముందే నిలబడింది కదా, ఆమెకూ ఆ రాత్రి మాట రాలేదు. అది ఇప్పుడు మీ మీదకు వస్తోందేమో అని నా అనుమానం. ఒక పని చేయండి: కింద చెప్పబోయే ఫిర్యాదును ఆవిడ చేతే రాయించండి. జరిగిందంతా కళ్లారా చూసింది, మీకన్నా వివరంగా గుర్తుండి ఉంటుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలప్పుడు విజయవాడలో గది దొరకడం గగనం. ఒక పెద్దాయన నెల ముందే ఫోన్ చేసి, ఐదొందలు అడ్వాన్సు బ్యాంకులో వేసి, గది చెప్పుకున్నారు. ఆయన వచ్చే రోజు పొద్దున ఎవరో మూడింతలు ఇస్తామంటే మా ఓనరు ఆ గది వాళ్లకు ఇచ్చేయమన్నాడు. సాయంత్రం ఆ పెద్దాయన భార్యతో వచ్చారు. రిజిస్టర్లో ఆయన పేరు నా కళ్లముందే ఉంది. "మీ బుకింగ్ లేదండీ" అన్నాను. రెండోసారి అడిగితే విసుక్కున్నాను కూడా. తప్పు మనదైనప్పుడు విసుగు ఎక్కువ వస్తుంది, ఎందుకో. ఆయన ఒక్క మాట అనలేదు. మెట్ల మీద బ్యాగు పెట్టి దాని మీద ఆవిణ్ని కూర్చోబెట్టి, "బాబూ, మంచినీళ్లు దొరుకుతాయా" అన్నారు.

పది రోజులకు ఓనరు పేరున రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. తిట్లు లేవు. ఫలానా తేదీన ఫలానా నంబరుకు ఫోన్ చేశాను, ఫలానా రోజు డబ్బు వేశాను, చలానా నకలు జతచేశాను, గది ఇవ్వలేదు, పదిహేను రోజుల్లో పంపకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్తాను. అరపేజీ. కౌంటర్ దగ్గర అరిచినవాళ్లను ఆ పుష్కరాల పన్నెండు రోజుల్లో ఎంతమందిని చూశామో లెక్కలేదు, ఒక్కరికీ రూపాయి తిరిగి వెళ్లలేదు. ఆయనకు మాత్రం ఐదొందలూ వెళ్లాయి. తర్వాత ఆ ఐదొందలు ఓనరు నా జీతంలోంచే కోశాడు, అది వేరే కథ.

మీ విషయానికొస్తే, మీ చేతిలో ఆ పెద్దాయన దగ్గరున్న దానికన్నా మంచి సాక్ష్యం ఉంది. యాప్ ఓచరు ఉంది, 4,800 కట్టినట్టు రసీదు ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అదనంగా లాగిన మూడు వేలు మేనేజరు సొంత నంబరుకు వెళ్లాయి. ఆ యూపీఐ స్క్రీన్‌షాట్ జాగ్రత్త చేయండి. అందులో పేరు, తేదీ, టైము, లావాదేవీ నంబరు అన్నీ ఉంటాయి. ఇంకో సంగతి. లాడ్జీ ఖాతాలోకి కాకుండా సొంత నంబరుకు తీసుకున్న డబ్బు సంగతి ఓనరుకు తెలుసో లేదో అనుమానమే. చాలా లాడ్జీలు లీజు మీద నడుస్తాయి, ఓనరు ఎక్కడో ఉంటాడు, పండగల్లో పైన పడే డబ్బు కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. మీ స్క్రీన్‌షాట్ చూసి మీకన్నా ఓనరుకే ఎక్కువ కోపం రావచ్చు.

మరి ఓనరు ఎవరో ఎలా తెలుస్తుంది? ఓచరు మీదో బిల్లు మీదో లాడ్జీ జీఎస్టీ నంబరు ఉందేమో చూడండి. జీఎస్టీ వెబ్‌సైట్లో ఆ నంబరు కొడితే వ్యాపారం ఎవరి పేరున ఉందో, చిరునామా ఏమిటో వస్తుంది. లాగిన్ కూడా అక్కర్లేదు. ఆ చిరునామాకు స్పీడ్ పోస్టులో అరపేజీ ఉత్తరం పంపండి, కవరుతో సహా ఫొటో తీసి దాచుకోండి.

దానికన్నా ముందు, ఈరోజే, యాప్‌లో ఫిర్యాదు పెట్టండి. కస్టమర్ కేర్ చాట్‌తో ఆపొద్దు. అక్కడ మనిషో మెషీనో తెలియని ఎవరో "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రెండొందల కూపన్ ఇచ్చి పంపేస్తారు. యాప్‌లోనే గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) అని ఒకరి పేరు, మెయిల్ ఉంటాయి, అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ పేరు పెట్టి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. "మేం మధ్యవర్తులం మాత్రమే, రేటు హోటల్ వాళ్ల ఇష్టం" అని జవాబు వస్తుంది. వస్తుందని ముందే అనుకోండి. మీ జవాబు ఒక్కటే: డబ్బు మీరు తీసుకున్నారు, గది ఖాయమని ఓచరు మీరిచ్చారు, ఆ రేటుకు గది ఇవ్వలేదు.

మెయిల్‌కు జవాబు వచ్చినా రాకపోయినా ఓ వారం చూసి 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. వాళ్లు కోర్టు కాదు, తీర్పు చెప్పరు. మీ ఫిర్యాదుకు నంబరు ఇచ్చి కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అయినా పెద్ద యాప్‌లు ఆ దారిలో వచ్చిన ఫిర్యాదును చాట్‌లో వచ్చినదానిలా చూడవు. మీలాంటి కేసులు చాలావరకు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

తేలకపోతే కేసు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరున్న జిల్లాలోనే వేయొచ్చు. 1986 నాటి పాత చట్టంలో అవతలి పార్టీ ఉన్న చోటికో, గొడవ జరిగిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. అరుణాచలం ఉన్న తిరువణ్ణామలై దాకా ఎవరు తిరుగుతారని అక్కడివాళ్లకు అదే ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్లోనే వేయొచ్చు. గొడవ జరిగిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. లాడ్జీనీ యాప్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. వాయిదాల మీద వాయిదాలు పడవని నేను హామీ ఇవ్వలేను.

మేనేజరు అన్న మాటల గురించి కూడా నిజం చెప్పాలి. దురుసుగా మాట్లాడాడు అన్న ఒక్క కారణం మీద కేసు నిలబెట్టడం కష్టం. అతను అనలేదంటాడు, మీరు అన్నాడంటారు. కట్టిన డబ్బుకు గది ఇవ్వకపోవడం, వేడినీళ్లు లేకపోవడం, పైన డబ్బు లాగడం, ఇవి సేవాలోపం కిందికి వస్తాయి, వీటికి కాగితం ఉంది. ముందు ఇవి నిలబడితే ఆ మాటలు మానసిక వేదన కింద పరిహారం అడగడానికి బలం ఇస్తాయి. అందుకే ఫిర్యాదులో ముందు డబ్బు, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మాటలు. మాటలను మీరు విన్నవి విన్నట్టు కోట్స్‌లో రాయండి. "అవమానించాడు" అని రాస్తే చదివేవాడికి ఏమీ కనపడదు. "దేవుడి కోసం వచ్చారా, సుఖపడటానికి వచ్చారా" అని రాస్తే మనిషి కళ్లముందుకు వస్తాడు.

ఇక మీ రివ్యూ. "దొంగనాయాళ్లు" అని నాలుగు చోట్ల ఉంది. అది మీ ఉక్రోషం, సమాచారం కాదు. పైగా మేనేజరు మీ మీద పరువునష్టం అంటూ నోటీసు పంపడానికి మీరే అవకాశం చేతికి అందించినట్టు అవుతుంది. అసలు నాకు బాధ కలిగించింది అది కాదు, చివరి వాక్యం: "అరవవాళ్లంతా ఇంతే." అది తీసేయండి, ఇంకెక్కడా కూడా అనకండి. నేను కౌంటర్లో ఉన్నన్నాళ్లూ తమిళనాడు నుంచి వచ్చిన యాత్రికులకు అచ్చ తెలుగులో ఇవే మాటలు చెప్పిన సహోద్యోగులను చూశాను. తిరుపతిలో అడగండి, ఎంతమంది తమిళులు ఎన్ని కథలు చెబుతారో. భాష తెలియనివాడు ఎక్కడైనా తేలిగ్గా దొరికిపోతాడు. అరుణాచలంలో మీకు దారి చూపించినవాళ్లూ, అమ్మగారికి కుర్చీ వేసినవాళ్లూ తమిళులే అయి ఉంటారు కదా.

రివ్యూ ఇలా ఉంటే చాలు: "ఫలానా తేదీకి మూడు వారాల ముందు రెండు గదులకు 4,800 కట్టాం. రాత్రి 9.30కు వెళ్తే పౌర్ణమికి ఈ రేటు చెల్లదని గదికి 1,500 చొప్పున అదనంగా తీసుకున్నారు, బిల్లు ఇవ్వలేదు. పొద్దున వేడినీళ్లు రాలేదు. అడిగితే మేనేజరు అన్న మాట ఇది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే ఫోన్ చేసి కనుక్కోండి." జతగా గీజర్ ఫొటో ఉంటే పెట్టండి. యూపీఐ స్క్రీన్‌షాట్ మాత్రం అక్కడ పెట్టొద్దు, అది ఫిర్యాదు కోసం. మేనేజరు పేరు, ఫోన్ నంబరు కూడా బయట పెట్టొద్దు. ఇంకో మాట, యాప్‌లో ఫిర్యాదు పెట్టిన తర్వాతే రివ్యూ పెట్టండి. ముందే పెడితే "రివ్యూ తీసేయండి, డబ్బు ఇస్తాం" అనే బేరం మొదలవుతుంది. ఆ బేరానికి ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే ఒప్పుకోను, మీ తర్వాత ఇంకో అమ్మగారు అక్కడికే వెళ్తారు కాబట్టి.

మళ్లీ వెళ్తారని నాకు తెలుసు, అరుణాచలం ఒక్కసారితో వదిలేవాళ్లు తక్కువ. పౌర్ణమి నాడు యాప్ బుకింగ్ మీద లాడ్జీవాళ్లకు ప్రేమ ఉండదు. యాప్‌కు నూటికి పదిహేనో ఇరవయ్యో కమీషన్ పోతుంది, గుమ్మం ముందుకు వచ్చి నిలబడినవాడు రెట్టింపు నగదు ఇస్తాడు. కాబట్టి బుక్ చేసిన రోజే లాడ్జీకి నేరుగా ఫోన్ చేసి "ఈ బుకింగ్ నంబరు మీకు వచ్చిందా" అని అడగండి. వెళ్లడానికి రెండు రోజుల ముందు మళ్లీ అడిగి, ఆ మాటను వాట్సాప్‌లో పెట్టించుకోండి. "అమ్మ పెద్దావిడ, పొద్దున వేడినీళ్లు కావాలి, చెక్ అవుట్ ఎన్నింటికి" అని రాస్తే, వాళ్లు "సరే" అన్నా చాలు. వీలైతే వెలుతురు ఉండగానే చేరండి. మధ్యాహ్నం నాలుగింటికి గది కాదంటే వెల్లూరు వెళ్లిపోవచ్చు, ఎనభై కిలోమీటర్లు. రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లలేరు, ఆ సంగతి కౌంటర్లో ఉన్నవాడికి మీకన్నా బాగా తెలుసు.

అసలు గదే లేకుండా వెళ్లి వచ్చేవాళ్లు కూడా చాలామంది. పౌర్ణమికి ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తోంది, పద్నాలుగు కిలోమీటర్లు రాత్రంతా నడిచి, దర్శనం చేసుకుని తిరుగుబస్సు ఎక్కేస్తారు. అమ్మగారితో అది కుదరదు. ఆవిడ కోసమైతే పౌర్ణమి కాని రోజు చూసుకోండి. కొండ చుట్టూ ఏ రోజైనా తిరగొచ్చు, గదులూ దొరుకుతాయి, రేట్లూ మామూలుగా ఉంటాయి.

ఒకవేళ మళ్లీ అలాగే జరిగితే బల్ల దగ్గరే నిలబడి యాప్ కస్టమర్ కేర్‌కు స్పీకర్లో ఫోన్ చేయండి. "గది ఇవ్వనంటున్నారు, అదనంగా అడుగుతున్నారు, ఇంకో చోట గది చూపించండి" అని వినపడేలా చెప్పండి. సగం మంది మేనేజర్లు అక్కడితో మెత్తబడతారు, నేనూ మెత్తబడిన రోజులున్నాయి. మెత్తబడకపోతే డబ్బు కట్టేయండి, కానీ ఫోన్లోనే కట్టండి, నగదు వద్దు, "అదనపు గది అద్దె" అని నోట్ పెట్టి. అర్ధరాత్రి సామాన్లు బయట పడేస్తాననో, ఒరిజినల్ ఆధార్ ఇవ్వననో అంటే 112కు ఫోన్ చేయండి. అసలు ఒరిజినల్ వాళ్ల దగ్గర వదలాల్సిన పనే లేదు, చూపించి వెనక్కి తీసుకోండి. నకలు ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ సంస్థ యూఐడీఏఐ సైట్లో దొరుకుతుంది.

అమ్మగారిని ఈ ఫిర్యాదుల్లోకి లాగకండి. సాక్షిగా మీ ఆవిడ చాలు. అమ్మగారు "పోనీలేరా" అని ఆ కొండ దగ్గరే వదిలేసి వచ్చారు, మళ్లీ గుర్తు చేయడం ఎందుకు.

కుంకుమ మరక పేరుతో పట్టుకున్న వెయ్యి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. నగదు ఇచ్చారు, రసీదు లేదు. అయినా ఫిర్యాదులో రాయండి. అరుణాచలంలో లాడ్జీ నడుపుతూ దుప్పటికి కుంకుమ అంటిందని వెయ్యి రూపాయలు పట్టుకున్నాడంటే, చదివే ఆఫీసరుకు మిగతాదంతా నమ్మడం తేలికవుతుంది. యాప్ నుంచి 48 గంటల్లో జవాబు రాకపోతే ఆ సంగతి కూడా తేదీతో రాసుకుని, 1915 వాళ్లకు ముందుగా అదే చెప్పండి.